ఆ ఇంజెక్షన్ మా నాన్నకు ఎందుకు ఇవ్వలేదు? తీవ్రమైన పాంక్రియాటైటిస్‌లో రోగనిరోధక చికిత్సలు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఐసీయూ బయట ఒక అబ్బాయి నన్ను ఆపి అడిగిన మాటతో మొదలుపెడతాను. లోపల వెంటిలేటర్ మీద ఉన్నది వాళ్ల నాన్నగారు. ఆసుపత్రిలో చేరి అప్పటికి మూడో రోజు. పిత్తాశయంలోంచి జారిన ఒక చిన్న రాయి, ఆవగింజ కన్నా కాస్త పెద్దది, క్లోమనాళం నోటికి అడ్డుపడింది. క్లోమం వాచింది, దీన్నే పాంక్రియాటైటిస్ అంటాం. ఆ వాపు ముదిరింది, ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ దెబ్బతిన్నాయి. ఆ అబ్బాయి రాత్రంతా మేలుకుని ఫోనులో చదివినట్టున్నాడు. "డాక్టరు గారూ, ఈ జబ్బులో ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థేనట. అది అదుపు తప్పుతుందట. దాన్ని అణిచే ఇంజెక్షన్లు ఉన్నాయట, కీళ్లవాతానికి ఇస్తారట. మరి నాన్నకు ఎందుకు ఇవ్వడం లేదు? డబ్బు సంగతైతే చెప్పండి, ఎలాగో ఒకలా తెచ్చుకుంటాం" అన్నాడు.

అతను చదివినదాంట్లో తప్పు లేదు. అలాంటి ఇంజెక్షన్లు ఉన్న మాట నిజం. అయినా నేను ఇవ్వలేదు. వరండాలో నిలబడి ఐదు నిమిషాల్లో చెప్పగలిగే జవాబు కాదది. ఆ రోజు సగమే చెప్పాను. ఇవాళ మీరు తీరిగ్గా కూర్చున్నారు కాబట్టి మిగతా సగం కూడా చెబుతాను.

ముందు క్లోమం గురించి నాలుగు మాటలు. కడుపు వెనక, వెన్నెముకకు ఆనుకుని అడ్డంగా ఒదిగి ఉంటుంది. జానెడు పొడవు, 100 గ్రాముల లోపు బరువు. ఇంత చిన్న అవయవం రోజుకు లీటరున్నర దాకా జీర్ణరసం తయారు చేస్తుంది. మనం తిన్న మాంసకృత్తులను, కొవ్వును, పిండిపదార్థాన్ని తుత్తునియలు చేసే ఎంజైములన్నీ అందులో ఉంటాయి. క్లోమం కూడా మాంసకృత్తులతో, కొవ్వుతో కట్టిన అవయవమే కదా, మరి అది అరిగిపోదేం? ఎంజైములను నిద్రలో ఉన్న రూపంలో తయారు చేసి పంపుతుంది కాబట్టి. అవి పేగులోకి చేరాకే మేలుకోవాలి. ట్రిప్సినోజన్ అనేది నిద్రలో ఉన్న రూపం, ట్రిప్సిన్ అనేది మేలుకున్న రూపం. ఆ మేలుకోవడం క్లోమంలోనే జరిగితే అది తనను తానే జీర్ణం చేసుకుంటుందని 1896లోనే హాన్స్ కియారి అనే ఆస్ట్రియా పాథాలజిస్టు చెప్పాడు. కంచే చేను మేయడమంటే ఇదే.

ఈ సిద్ధాంతం ఎంత బలంగా నాటుకుందంటే, ఎంజైములను ఆపితే జబ్బు ఆగుతుందని వైద్యులు దశాబ్దాల పాటు నమ్మారు. ఎంజైములను అడ్డుకునే ఆప్రోటినిన్ అనే మందును ఎందరికో ఇచ్చారు. బ్రిటన్‌లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పద్ధతిగా పరీక్షించి 1977లో ఫలితం ప్రకటించింది: ప్రయోజనం లేదు. ఎందుకు లేదో సరిగా అర్థం కావడానికి ఇంకో ముప్ఫై నాలుగేళ్లు పట్టింది. 2011లో ఒక పరిశోధక బృందం, ఎలుకల్లో ఈ పనికి ముఖ్యమైన ట్రిప్సినోజన్ జన్యువునే తీసేసి, వాటికి పాంక్రియాటైటిస్ తెప్పించి చూసింది. క్లోమంలో చచ్చిన కణాలు దాదాపు సగానికి తగ్గాయి. కానీ ఇన్‌ఫ్లమేషన్, అంటే రోగనిరోధక వ్యవస్థ రగిల్చే వాపు, మాత్రం తగ్గలేదు. క్లోమంలోనూ తగ్గలేదు, ఊపిరితిత్తుల్లోనూ తగ్గలేదు. ఎంజైముల దారి ఒకటి, రోగనిరోధక వ్యవస్థ దారి మరొకటి అని, రెండూ ఒకే చోట మొదలై పక్కపక్కనే నడుస్తాయని అప్పుడు తేటతెల్లమైంది. నా మటుకు నాకు ఈ జబ్బును చూసే దృష్టి మార్చిన ప్రయోగం అది.

సరే, ఆ రెండో దారిలో ఏం జరుగుతుంది? క్లోమ కణం పగిలినప్పుడు దాని లోపలి సరుకు బయటికి చిందుతుంది. డీఎన్‌ఏ, దాన్ని చుట్టి ఉండే హిస్టోన్లు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ, హెచ్‌ఎంజీబీ1 అనే ప్రొటీన్. ఇవన్నీ కణం లోపల ఉండాల్సినవి. బయట కనిపిస్తే మన కాపలా కణాలు సూక్ష్మజీవులు దాడి చేసినప్పుడు మోగించే గంటనే మోగిస్తాయి. నిజానికి అక్కడ సూక్ష్మజీవి ఒక్కటి కూడా లేదు. ఆ గంట వినగానే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లు రక్తంలోకి విడుదలవుతాయి. సైటోకైన్లంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లు అనుకోండి. కబురు అందుకున్న న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు గుంపులుగా వచ్చి పడతాయి.

ఈ న్యూట్రోఫిల్ చేసే పని ఒకటి దగ్గరగా చూడాలి. సూక్ష్మజీవిని పట్టడానికి అది తన డీఎన్‌ఏనే విప్పి వలలా విసురుతుంది. ఆ వలకు విషపు ప్రొటీన్లు అంటుకుని ఉంటాయి. ఇన్ఫెక్షన్‌లో ఇది ప్రాణం కాపాడే ఎత్తుగడ. పాంక్రియాటైటిస్‌లో మాత్రం ఆ వలలే క్లోమంలోని సన్నని నాళాల్లో చిక్కుకుని వాటిని మూసేస్తాయి. నాళం మూసుకుంటే రసం వెనక్కి తంతుంది, మరిన్ని కణాలు పగులుతాయి, మరిన్ని న్యూట్రోఫిల్స్ వస్తాయి. 2016లో ఎలుకల్లోనూ, మనుషుల కణజాలంలోనూ ఈ సంగతి చూపించారు.

ఇదంతా కడుపులోనే ఆగితే ఇంత భయం ఉండేది కాదు. సైటోకైన్లు రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతాయి. రక్తనాళాల గోడలు సడలి నీరు కారడం మొదలవుతుంది. ఊపిరితిత్తుల్లోని గాలి గదుల్లోకి ఆ నీరు చేరుతుంది. నేను చెప్పిన ఆయన ఊపిరితిత్తులకు ఏ జబ్బూ లేదు. మొదటి రాత్రి నర్సు రాసిన చార్టు నాకింకా కళ్ల ముందే ఉంది. రాత్రి పది గంటలకు నిమిషానికి 20 శ్వాసలు. ఒంటిగంటకు 26. నాలుగు గంటలకు 34. ఆ పక్క గడిలో ఆక్సిజన్ అంకె అదే తీరున కిందికి దిగుతూ పోయింది. ఆయన పడుకోలేక, మోకాళ్ల మీదికి వంగి కూర్చుని ఉన్నాడు. ఈ నొప్పి ఉన్నవాళ్లు అలాగే కూర్చుంటారు, ముందుకు వంగితే కాస్త సులువు. తెల్లవారేసరికి వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. క్లోమం నుంచి ఊపిరితిత్తులకు ఈ దెబ్బను మోసుకెళ్లే వాటిలో ఇంటర్‌ల్యూకిన్-6 ముఖ్యమైనదని 2013లో ఎలుకల మీద జరిగిన ఒక మంచి పరిశోధన చూపింది. ఆ కబురును అడ్డుకున్న ఎలుకల్లో ఊపిరితిత్తుల దెబ్బ తగ్గింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మీరు అనవసరంగా హడలిపోతారు. పాంక్రియాటైటిస్ వచ్చినవాళ్లలో 80 శాతం దాకా కొద్ది రోజుల్లో కోలుకుని ఇంటికి వెళ్తారు. 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ ప్రకారం, ఏదైనా అవయవం 48 గంటలు దాటినా తేరుకోకపోతేనే దాన్ని తీవ్రమైన జబ్బు అంటాం. ఆ కొద్దిమందిలో మాత్రం మరణాలు ఎక్కువ. ఐదుగురిలో ఒకరి నుంచి కొన్ని చోట్ల ముగ్గురిలో ఒకరి దాకా ఉంటాయి. ఈ ప్రసంగమంతా వాళ్ల గురించే.

ఇప్పుడు అబ్బాయి ప్రశ్నకు దగ్గరవుతున్నాం. మంట ఇంతగా రగులుతుంటే ఆర్పే మందు వేయాలి కదా? వేసి చూశారు. ప్లేట్‌లెట్ యాక్టివేటింగ్ ఫ్యాక్టర్ అనే కబురును అడ్డుకునే లెక్సిపాఫాంట్ అనే మందు 1990లలో ఎంతో ఆశ పుట్టించింది. జంతువుల్లో పనిచేసింది. మనుషుల్లో చేసిన చిన్న ప్రయోగాల్లోనూ పనిచేసినట్టే కనిపించింది. తర్వాత బ్రిటన్‌లో 290 మందితో పెద్ద ప్రయోగం చేసి 2001లో ఫలితం ప్రచురించారు. మందు వేసిన వాళ్లలోనూ వేయని వాళ్లలోనూ అవయవాలు ఒకే మోతాదులో దెబ్బతిన్నాయి. అందరూ ఫలితం చూసి నిట్టూర్చారు కానీ, ఆ నివేదికలో అంతకన్నా విలువైన అంకె ఇంకొకటి ఉంది. ప్రయోగంలో చేరే నాటికే 44 శాతం మందిలో ఏదో ఒక అవయవం దెబ్బతిని ఉంది. అవయవం దెబ్బతినకుండా కాపాడాల్సిన మందు, దెబ్బతిన్న తర్వాత అందింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

ప్రయోగశాలలో ఎలుకకు ఎలా ఇస్తారో చూడండి. సెరులిన్ అనే ఇంజెక్షన్‌తో జబ్బు తెప్పిస్తారు. అంటే జబ్బు మొదలైన నిమిషం పరిశోధకుడికి తెలుసు. మందును దానికి ముందే ఇస్తాడు, లేదా గంట తర్వాత ఇస్తాడు. మనిషి విషయంలో ఏం జరుగుతుంది? భోజనం చేశాక పై కడుపులో నొప్పి వస్తుంది. గ్యాస్ అనుకుంటాడు. ఇంట్లో ఉన్న మాత్ర వేసుకుంటాడు. నొప్పి వీపులోకి పొడుస్తుంటే తెల్లవారాక వెళ్దాంలే అనుకుంటాడు. ఆసుపత్రికి చేరి, రక్తంలో లైపేజ్ అనే క్లోమపు ఎంజైము ఎంతుందో చూసి, స్కానింగ్ చేసి, జబ్బు ఏమిటో తేలేసరికి ఒక పగలూ రాత్రీ గడిచిపోతాయి. ఎలుకలో గెలిచిన మందు మనిషిలో ఓడిందంటే మందులో లోపం ఉండక్కర్లేదు. రెండు చోట్లా గడియారం ఒకటి కాదు.

ఆలస్యం అయినా ఇస్తే నష్టమేమిటి అని మీరు అడగవచ్చు. అసలు చిక్కు అక్కడే ఉంది. రోగనిరోధక వ్యవస్థ ఎల్లకాలం రగులుతూనే ఉండదు. మొదటి రోజుల్లో ఉరికిన వ్యవస్థే వారం తిరిగేసరికి నీరసించి కూలబడుతుంది. మోనోసైట్లు అనే కణాల మీద హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే గుర్తు ఉంటుంది. ఇదిగో శత్రువు, అని మిగతా కణాలకు చూపించడానికి అది కావాలి. తీవ్ర రోగుల్లో ఆ గుర్తు చెరిగిపోతూ వస్తుంది. అదే సమయంలో రక్తప్రసరణ చాలక పేగు గోడ దెబ్బతిని, లోపలి బ్యాక్టీరియా బయటికి జారుతుంది. చచ్చిన క్లోమ కణజాలం వాటికి సిద్ధంగా ఉన్న ఆహారం. మూడో వారం, నాలుగో వారంలో అక్కడ చీము పడుతుంది. మొదటి వారంలో అవయవాలు దెబ్బతినడం వల్ల, తర్వాతి వారాల్లో ఇన్ఫెక్షన్ వల్ల మనుషులు పోతారు. ఇంకో చిక్కేమిటంటే ఈ రెండు దశల మధ్య గీత ఉండదు. ఒకే మనిషిలో, ఒకే రోజున ఉడుకూ ఉంటుంది, నీరసమూ ఉంటుంది.

కీళ్లవాతానికి ఇచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్ టీఎన్‌ఎఫ్‌ను కట్టేస్తుంది. కీళ్లవాతం ఉన్నవాళ్లలోనే అది ఇన్ఫెక్షన్లు పెంచుతుంది, దాగి ఉన్న క్షయను మేల్కొలుపుతుంది. అలాంటిది, పదో రోజున, పేగు గోడ చిల్లుపడ్డ మనిషికి ఇస్తే? ఆ అబ్బాయికి నేను చెప్పలేకపోయిన సగం జవాబు ఇదే. బ్రిటన్‌లో ఈ మందును పాంక్రియాటైటిస్ మొదటి గంటల్లో ఇచ్చి చూసే ప్రయోగాన్ని చేపట్టారు. ఆ పని ప్రయోగంగా జరగాలి, కాపలా మధ్య జరగాలి. నా వార్డులో నా ఊహను నమ్ముకుని జరగకూడదు.

ఇలా అణిచే మందు కోవిడ్‌లో పనిచేసింది కదా అని కొందరు తోటి వైద్యులే అడుగుతారు. నిజమే. ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్‌ను రికవరీ అనే బ్రిటిష్ ప్రయోగంలో 4,116 మందిలో పరీక్షించారు. 28 రోజుల్లో మరణాలు 35 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. కానీ అక్కడ మందు ఎవరికి ఇచ్చారో చూడండి. ఆక్సిజన్ పడిపోయి, రక్తంలో సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పెరిగే ప్రొటీన్) 75 దాటినవాళ్లకు. అంటే రగులుతున్నదని పరీక్షలో తేలినవాళ్లకే. పాంక్రియాటైటిస్‌లో సీఆర్‌పీ నమ్మదగినట్టు పెరగడానికి రెండు రోజులు పడుతుంది. మందు ఇవ్వాల్సిన వేళ అప్పటికి దాటిపోతుంది. ఇంటర్‌ల్యూకిన్-6 ముందే పెరుగుతుంది, కానీ పడక పక్కన నిమిషాల్లో తేల్చే పరీక్షగా అది ఇంకా అన్నిచోట్లా అందలేదు. కొత్త మందు కన్నా ముందు మనకు కొత్త పరీక్ష కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

అణచడం సరే, నీరసించినప్పుడు లేపి నిలబెడితే? అదీ చూశారు. థైమోసిన్ ఆల్ఫా-1 అనే, రోగనిరోధక శక్తిని పెంచే మందును చైనాలోని 16 ఆసుపత్రుల్లో 508 మందికి పరీక్షించారు. ట్రేస్ అనే ఆ ప్రయోగం ఫలితం 2022లో వచ్చింది. చచ్చిన కణజాలంలో చీము పట్టడం తగ్గలేదు. అక్కడా రోగులను జబ్బు తీవ్రతను బట్టి ఎంచుకున్నారు కానీ, ఎవరి రోగనిరోధక వ్యవస్థ నిజంగా నీరసించిందో కొలిచి ఎంచుకోలేదు.

అన్నింటికన్నా బాధ కలిగించే కథ నెదర్లాండ్స్‌ది. ఆలోచన ఎంతో ముచ్చటైనది. పేగులోకి మంచి బ్యాక్టీరియాను పంపితే చెడు బ్యాక్టీరియా తగ్గుతుంది, రోగనిరోధక వ్యవస్థ కుదుటపడుతుంది, చీము పట్టదు. మంచి బ్యాక్టీరియా వల్ల కీడేముంటుంది అని ఎవరికైనా అనిపిస్తుంది. ప్రోపాట్రియా అనే పేరుతో దాదాపు 300 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ప్రోబయాటిక్, ఒక జట్టుకు ఉత్తుత్తి మందు ఇచ్చారు. 2008లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. ప్రోబయాటిక్ తీసుకున్నవాళ్లలో 16 శాతం మంది చనిపోయారు, తీసుకోనివాళ్లలో 6 శాతం. ప్రోబయాటిక్ జట్టులో తొమ్మిది మందికి పేగుకు రక్తం అందక కణజాలం చచ్చింది. రెండో జట్టులో ఒక్కరికీ అలా కాలేదు. ఆ వైద్యులు ఫలితాన్ని దాచలేదు, అంకెలన్నీ బయటపెట్టారు. వాళ్ల నిజాయితీ వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్కపెట్టలేం. ఇంటర్నెట్‌లో కనిపించిన మందు వేయమని ఎవరైనా నన్ను ఒత్తిడి చేసినప్పుడల్లా నాకు ఆ తొమ్మిది మంది గుర్తుకొస్తారు.

అయితే ఒక చోట రోగనిరోధక చికిత్స గెలిచింది, అదీ పాతకాలపు మందుతో. పిత్తనాళంలో రాళ్లు తీయడానికి నోటి గుండా గొట్టం పంపి చేసే ఈఆర్‌సీపీ అనే ప్రక్రియ ఉంది. అది చేయించుకున్న కొందరికి ఆ ప్రక్రియ వల్లే పాంక్రియాటైటిస్ వస్తుంది. 2012లో అమెరికాలో, ప్రమాదం ఎక్కువగా ఉన్న 602 మందిని తీసుకుని, సగం మందికి ప్రక్రియ ముగియగానే ఇండోమెథాసిన్‌ను మలద్వారంలో పెట్టారు. మామూలు నొప్పి తగ్గించే మందే అది, ఇన్‌ఫ్లమేషన్‌ను మొదటి మెట్టులోనే అడ్డుకుంటుంది. పాంక్రియాటైటిస్ 16.9 శాతం నుంచి 9.2 శాతానికి పడిపోయింది. ఇంత మామూలు మందు ఇక్కడ ఎందుకు గెలిచింది? దెబ్బ తగిలిన నిమిషం వైద్యుడికి తెలుసు కాబట్టి. ఆ రోగి, ప్రయోగశాలలోని ఎలుక లాగే, సరైన గంటలో మన ఎదుట ఉన్నాడు కాబట్టి.

ఇంకో దారి కాల్షియంది. క్లోమ కణంలోకి కాల్షియం పొంగి రావడమే ఈ అనర్థానికి తొలి మెట్టు అని ఓలే పీటర్సన్ వంటి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పనిచేసి చూపారు. కాల్షియం లోపలికి వచ్చే ఒక తలుపు పేరు ఓరాయ్1. విశేషమేమిటంటే అదే తలుపు రోగనిరోధక కణాల మీదా ఉంది. దాన్ని మూస్తే క్లోమ కణానికీ మేలు, సైటోకైన్లకూ కళ్లెం. ఆక్సోరా అనే మందును ఈ ఆలోచనతో తయారు చేసి, రోగుల్లో ఇంకా పరీక్షిస్తున్నారు. ఒకే దెబ్బకు రెండు దారులూ మూసే ఆలోచన కాబట్టి నాకు దీని మీద ఆశ ఉంది. దీన్ని వార్డులో వాడాలంటే మాత్రం పెద్ద ప్రయోగం నిగ్గు తేల్చాలి.

ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పేరు విని చాలామంది కలగలుపుతారు. అది వేరే జబ్బు. ఎక్కువగా నొప్పి లేకుండా కామెర్లతో వస్తుంది, క్యాన్సర్ అని పొరబడతారు. ఒక రకంలో రక్తంలో ఐజీజీ4 అనే యాంటీబాడీ పెరుగుతుందని 2001లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. దానికి స్టెరాయిడ్లు అద్భుతంగా పనిచేస్తాయి. ఐజీజీ4 జబ్బులో, యాంటీబాడీల తయారీకి మూలమైన బి కణాలను తగ్గించే ఇనెబిలిజుమాబ్ వాడితే, జబ్బు తిరగబెట్టడం 60 శాతం నుంచి 10 శాతానికి తగ్గిందని ఇటీవలి ప్రయోగం చూపింది. అక్కడ శత్రువు ఎవరో ముందే తెలుసు, నెలల సమయమూ ఉంది.

మరి ఇవాళ, ఈ రాత్రి తీవ్రమైన జబ్బుతో ఒకరు వస్తే మా చేతిలో ఏముంది? సెలైన్ కొలిచి ఇస్తాం. పూర్వం కుమ్మరించేవాళ్లం. 2022లో వాటర్‌ఫాల్ అనే ప్రయోగంలో ఎక్కువగా ఇచ్చిన జట్టులో ఒంట్లో నీరు నిలిచిపోవడం 20.5 శాతం మందిలో కనిపించింది, మితంగా ఇచ్చిన జట్టులో 6.3 శాతమే. ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. చీము పట్టక ముందే యాంటీబయాటిక్స్ ఇవ్వం. చీము పడితే, వెంటనే కోయకుండా ముందు గొట్టం వేసి తీస్తాం. మళ్లీ నెదర్లాండ్స్ వాళ్లే 2010లో చూపించారు, గొట్టంతో మొదలుపెట్టినవాళ్లలో 35 శాతం మందికి ఆపరేషన్ అవసరమే పడలేదు.

ఇంకొకటి ఆహారం. క్లోమానికి విశ్రాంతి పేరుతో రోజుల తరబడి కడుపు మాడ్చే కాలం పోయింది. నోటితో తినలేకపోతే ముక్కు గొట్టం ద్వారా పేగులోకి ఆహారం పంపుతాం. నరం ద్వారా పోషకాలు ఇవ్వడం కన్నా ఇలా ఇస్తే ఇన్ఫెక్షన్లూ మరణాలూ తగ్గుతాయని ప్రయోగాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. పేగు కణాలకు లోపలి నుంచి తిండి అందితేనే ఆ గోడ నిలుస్తుంది, గోడ నిలిస్తేనే బ్యాక్టీరియా లోపల ఉంటుంది. ఇవాళ ఈ జబ్బులో రుజువున్న రోగనిరోధక చికిత్స ఏది అని నన్ను అడిగితే, ఆ ముక్కు గొట్టాన్నే చూపిస్తాను. చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు, కానీ అది పనిచేస్తుంది.

ఆ పెద్దాయన సంగతి చెప్పలేదు కదా. పన్నెండో రోజున వెంటిలేటర్ తీశాం. ఇరవై నాలుగో రోజున మళ్లీ జ్వరం. సీటీ స్కాన్‌లో క్లోమం ఉన్న చోట చిన్న చిన్న గాలి బుడగలు కనిపించాయి, అంటే చీము పట్టింది. ఎడమ పక్క నుంచి గొట్టం వేశాం. వారం తర్వాత దాన్ని తీసి ఇంకా లావు గొట్టం వేశాం. రోజూ ఉదయం ఆ అబ్బాయే సంచిలో ఎంత వచ్చిందో చూసి చిన్న పుస్తకంలో రాసేవాడు. మొదటి రోజు 350 మిల్లీలీటర్లు, చివరికి 10. ఆ పుస్తకం మొదటి పేజీలో వాళ్ల నాన్నకు నొప్పి మొదలైన వేళ కూడా రాసి ఉంది, నేను అడిగితే తర్వాత గుర్తు చేసుకుని రాశాడట. రాత్రి తొమ్మిదిన్నర. మా దగ్గరికి వచ్చింది మర్నాడు సాయంత్రం ఆరింటికి. మధ్యలో ఇరవై గంటల పైన. ఏ ప్రయోగంలోనైనా రోగిని చేర్చుకునేటప్పుడు మేం ముందు అడిగేది ఆ వేళే. మీలో ఎవరికైనా పై కడుపులో విడవకుండా నొప్పి వచ్చి, వీపులోకి పొడుస్తూ, వాంతులవుతుంటే తెల్లవారే దాకా ఆగవద్దు. వచ్చేటప్పుడు నొప్పి ఎప్పుడు మొదలైందో గుర్తుంచుకుని రండి.

వాపు పూర్తిగా తగ్గాక, కొన్ని నెలలకు, ఆయన పిత్తాశయం తీయించుకోవడానికి తిరిగి వచ్చాడు. చాలా సన్నబడ్డాడు, కానీ తనంతట తనే నడుచుకుంటూ వచ్చాడు. అబ్బాయి వెనకాలే ఉన్నాడు. ఆయన్ని లోపలికి పంపాక ఆగి, "డాక్టరు గారూ, ఆ ఇంజెక్షన్ గురించి ఏమైనా తేలిందా?" అని అడిగాడు. ఇంకా లేదన్నాను. ఎవరెవరు ఏ మందు పరీక్షిస్తున్నారో చెప్పాను. ఈసారి ఐదు నిమిషాల్లో ముగించలేదు, ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం.

ఇక మీ ప్రశ్నలు అడగండి.